చిన్న కౌంటీకి కుర్ర జట్టు: ఉన్న కొద్ది డబ్బు ఎవరి మీద పెట్టాలి?

ఇంగ్లండ్‌లో ఫస్ట్ క్లాస్ కౌంటీలు, అంటే నాలుగు రోజుల మ్యాచ్‌లాడే ప్రాంతీయ వృత్తి క్రికెట్ జట్లు, 18. అన్నీ ఆడేది రెండు డివిజన్లున్న ఒకే ఛాంపియన్‌షిప్ అయినా అందరి దగ్గరా ఒకేలా డబ్బు లేదు. సర్రేకి ఓవల్ మైదానం ఉంది, టెస్ట్ మ్యాచ్‌లు వస్తాయి, లండన్ జనం టికెట్లు కొంటారు. లెస్టర్‌షైర్, డెర్బీషైర్, నార్తాంప్టన్‌షైర్, వూస్టర్‌షైర్‌లకు ఆ భాగ్యం లేదు. ఇంగ్లండ్ బోర్డు ఏటా పంచే సొమ్మే వాటికి పెద్ద ఆధారం. ఆటగాళ్ల జీతాల మొత్తానికి బోర్డు పైన ఒక హద్దు, కింద ఒక హద్దు పెట్టింది. ధనవంతులు పై హద్దుకు దగ్గరగా ఖర్చు పెడుతుంటే, చిన్నవాళ్లు కింది హద్దు దాటాక ప్రతి పౌండూ లెక్క చూసుకోవాలి.

అలాంటి కౌంటీకి మీరే క్రికెట్ డైరెక్టర్ అనుకుందాం. కుర్ర జట్టు కట్టాలని కమిటీ తీర్మానించింది, డబ్బు మాత్రం తక్కువే ఇచ్చింది. మీ ముందు ఉన్న దారులు ఇవి: సొంత అకాడమీ పిల్లలు, వేరే కౌంటీలు వదిలేసిన కుర్రాళ్లు, క్లబ్ క్రికెట్‌లో ఆలస్యంగా ఎదిగినవాళ్లు, ముప్పై దాటిన అనుభవజ్ఞులు, విదేశీ ఆటగాళ్లు, వేరే కౌంటీ నుంచి కొద్దికాలానికి లోన్ మీద వచ్చేవాళ్లు. ఎవరిని ఎంతమందిని తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న. నా మాట ముందే చెప్పేస్తాను: మ్యాచ్‌లు కుర్రాళ్లకు ఇవ్వండి, డబ్బు మాత్రం ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ల మీద పెట్టండి. ఈ రెండూ కలిసి ఉంటేనే కుర్ర జట్టు నిలబడుతుంది. ఎందుకంటున్నానో చెప్పడానికి ససెక్స్ కథ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ససెక్స్: అవే మొహాలు, రెండు రకాల ఫలితాలు

2021లో ససెక్స్ పూర్తిగా కుర్రాళ్లనే నమ్ముకుంది. అదే సమయంలో తలపండినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ల్యూక్ వెల్స్ అప్పటికే లాంకషైర్ చేరాడు, ఆ సీజన్ అయ్యాక ఫిల్ సాల్ట్ కూడా అక్కడికే వెళ్లాడు. క్రిస్ జోర్డాన్ సర్రేకి, కీపర్ బెన్ బ్రౌన్ హాంప్‌షైర్‌కి మారారు. మిగిలిన పిల్లల్లో ప్రతిభకు కొదవ లేదు. డాన్ ఇబ్రహీం 16 ఏళ్ల వయసులో హెడింగ్లీలో యార్క్‌షైర్ మీద అర్ధ సెంచరీ కొట్టి, ఛాంపియన్‌షిప్‌లో ఆ పని చేసినవాళ్లందరిలోకీ చిన్నవాడయ్యాడు. జేమ్స్ కోల్స్ అంతకు ముందు ఏడాదే, అతనూ 16 ఏళ్లకే, ఫస్ట్ క్లాస్ ఆడేశాడు. వీళ్లతో పాటు జాక్ కార్సన్ ఆఫ్ స్పిన్, హెన్రీ క్రోకోంబ్, షాన్ హంట్ పేస్, టామ్ హెయిన్స్, అలీ ఓర్ ఓపెనింగ్. పేర్లు చదువుతుంటే ముచ్చటేస్తుంది. ఫలితాలు మాత్రం దారుణంగా వచ్చాయి. నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరైనా ఒక చివర నిలబడాల్సి వచ్చినప్పుడు, ఆ ఒకరు ఎవరన్నది జట్టులో తేలలేదు.

2022లో పుజారా వచ్చాడు. వస్తూనే డెర్బీషైర్ మీద 201 నాటౌట్, హెయిన్స్‌తో కలిసి 351 పరుగుల భాగస్వామ్యం. ఆ సీజన్‌లో 8 మ్యాచ్‌లు ఆడి 1,094 పరుగులు చేశాడు, సగటు 109.40. ఒక విదేశీ బ్యాటర్ నుంచి ఇంతకన్నా ఏం అడుగుతాం? అయినా ససెక్స్ రెండో డివిజన్‌లో 8 జట్లలో 7వ స్థానంలో ఆగింది. పుజారా పరుగులు మ్యాచ్‌లను డ్రా వైపు లాగాయి గానీ, ప్రత్యర్థిని రెండుసార్లు ఆలౌట్ చేసే బలం జట్టుకు రాలేదు. నాలుగు రోజుల క్రికెట్‌లో 20 వికెట్లు తీయనిదే గెలుపు లేదు.

ఇప్పుడు 2024 చూడండి. కోచ్ పాల్ ఫార్‌బ్రేస్, కెప్టెన్ జాన్ సింప్సన్. సింప్సన్ ఏళ్ల తరబడి మిడిల్‌సెక్స్‌కు కీపింగ్ చేసి, 35 ఏళ్ల వయసులో ససెక్స్‌కు వచ్చినవాడు. వికెట్ల వెనక నిలబడుతూ, జట్టును నడుపుతూ, ఛాంపియన్‌షిప్‌లో వెయ్యికి పైగా పరుగులు చేశాడు. కొత్త బంతికి ఒలీ రాబిన్‌సన్, కొన్ని మ్యాచ్‌లకు వెస్టిండీస్ పేసర్ జేడెన్ సీల్స్, లాంకషైర్ నుంచి డానీ లాంబ్. మిగతా జట్టులో హెయిన్స్, కోల్స్, కార్సన్, క్రోకోంబ్, హంట్ లాంటి పాత కుర్రాళ్లే, మూడేళ్లు పెద్దయ్యారంతే. ససెక్స్ రెండో డివిజన్ ఛాంపియన్‌గా పైకి వెళ్లింది.

ఈ రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కుర్రాళ్ల ప్రతిభలో లేదు. వాళ్ల చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది. కుర్రాళ్లకు మూడేళ్లు పట్టిందన్నదీ నిజమే, ఆ మూడేళ్ల ఓడిపోయే ఓపిక కమిటీకి ఉండాలి. కానీ 2021లోనే ఒక సింప్సన్ ఉండి ఉంటే ఆ కుర్రాళ్లు అన్ని దెబ్బలు తిని ఉండేవాళ్లు కాదని నా గట్టి నమ్మకం.

పెద్దవాళ్లంటే ఏ పెద్దవాళ్లు?

"అనుభవజ్ఞులను తెచ్చుకోండి" అని ఊరికే చెబితే అది చెడ్డ సలహా. దానికి డర్హమ్ మొదటి అడుగులే సాక్ష్యం. డర్హమ్ 1992లో ఫస్ట్ క్లాస్ కౌంటీ అయింది. కొత్త కౌంటీ కాబట్టి పేరున్నవాళ్లను పోగేసింది: ఇయాన్ బోథమ్, ఆస్ట్రేలియా నుంచి డీన్ జోన్స్, వేన్ లార్కిన్స్, పాల్ పార్కర్, సైమన్ హ్యూస్, కెప్టెన్‌గా డేవిడ్ గ్రేవ్‌నీ. జనం మైదానానికి వచ్చారు, అది మంచిదే. ఛాంపియన్‌షిప్‌లో మాత్రం చివరి స్థానం. చాలామంది కెరీర్ చివరి మజిలీలో ఉన్నవాళ్లు. బోథమ్ మరుసటి ఏడాది సీజన్ మధ్యలోనే ఆట మానేశాడు.

అదే డర్హమ్ 2008, 2009, 2013లలో ఛాంపియన్ అయింది. అందులో నాకు 2013 జట్టంటే ప్రాణం. ఖర్చులు తగ్గించుకున్న ఏడాది అది. అంతకు ముందు జీతాల హద్దు దాటినందుకు 2.5 పాయింట్ల కోతతో సీజన్ మొదలుపెట్టారు. సీజన్ మధ్యలో కోచ్ జెఫ్ కుక్‌కి గుండెపోటు వచ్చింది. కెప్టెన్ పాల్ కాలింగ్‌వుడ్ వయసు 37. అతని చుట్టూ 22 ఏళ్ల బెన్ స్టోక్స్, మార్క్ వుడ్, స్కాట్ బోర్త్‌విక్, మార్క్ స్టోన్‌మన్, కీటన్ జెన్నింగ్స్. బంతితో గ్రాహమ్ ఆనియన్స్, క్రిస్ రష్‌వర్త్. ఎక్కువమంది ఆ ఈశాన్య ప్రాంతంలో ఎదిగినవాళ్లే. పెద్ద డబ్బున్న కౌంటీలన్నీ వీళ్ల వెనకే ఉండిపోయాయి.

కాబట్టి పెద్దవాణ్ణి తెచ్చేటప్పుడు పేరు చూడొద్దు, స్థానం చూడండి. కుర్ర జట్టులో మూడు స్థానాలకు పెద్దవాళ్లు కావాలి. మొదటిది కీపర్. రోజంతా ప్రతి బంతికీ ఆటలో ఉండేవాడు అతనొక్కడే, బౌలర్‌కి కళ్లూ చెవులూ అతనే. పైగా 6 లేదా 7వ స్థానంలో బ్యాటింగ్ చేస్తే పిల్లలు కుప్పకూలిన రోజు అతనే గట్టెక్కిస్తాడు. రెండోది కొత్త బంతి పేసర్లలో ఒకరు. వేగం కాదు, ఏప్రిల్ చలిలో, మబ్బు కింద, ఒక చివరనుంచి ఉదయమంతా ఒకే చోట బంతి వేయగలవాడు. మూడోది ఓపెనర్ లేదా మూడో నంబర్ బ్యాటర్. 2024, 2025 సీజన్లలో గెలుపుకు 16 పాయింట్లు ఇస్తే డ్రాకి 8 ఇచ్చారు. ఓడిపోయే మ్యాచ్‌ను రెండు సెషన్లు ఆడి డ్రా చేసే బ్యాటర్ విలువ ఆ లెక్కలోనే కనిపిస్తుంది.

ఐదో బౌలర్, ఫినిషర్, రెండో స్పిన్నర్ లాంటి స్థానాలకు పెద్దవాళ్లను కొనొద్దు. అక్కడ కుర్రాళ్లు తప్పులు చేసినా జట్టు మునిగిపోదు.

ఒప్పందం విషయంలోనూ ఒక జాగ్రత్త. ముప్పై నాలుగేళ్ల మనిషికి రెండేళ్లు చాలు. మూడో ఏడాది కావాలంటే ఆడిన మ్యాచ్‌లను బట్టి పొడిగించేలా రాసుకోవాలి. మోకాలు నొప్పితో ఫిజియో గదిలో కూర్చున్న పెద్దాయన జీతం చిన్న కౌంటీకి మోయలేని భారం.

సొంత పిల్లలు, బయట దొరికే కుర్రాళ్లు

అకాడమీ కుర్రాడికి ఇచ్చే మొదటి ఒప్పందం చవకైనది. అందుకే చాలామంది "అందరినీ అకాడమీ నుంచే తెద్దాం" అంటారు. జీతం తక్కువే కానీ మిగతా ఖర్చులు లేవనుకోకండి. ముఖ్యంగా పేసర్ల విషయంలో. 17 నుంచి 22 ఏళ్ల మధ్య ఫాస్ట్ బౌలర్ల వెన్నుపూసలో చిన్న పగుళ్లు రావడం చాలా మామూలు. అందుకే కుర్ర బౌలర్లు ఒక స్పెల్‌లో, ఒక రోజులో ఎన్ని ఓవర్లు వేయొచ్చో వయసును బట్టి బోర్డే పరిమితులు పెట్టింది. ఛాంపియన్‌షిప్ అంటే 14 మ్యాచ్‌లు, ఒక్కోటి నాలుగు రోజులు. ఇద్దరు కుర్ర పేసర్లను నమ్ముకుని ఏప్రిల్‌లో బయలుదేరితే జూన్‌కి ఇద్దరూ గాయాలతో ఉండొచ్చు. కనుక బ్యాటర్ల కన్నా పేసర్లను ఎక్కువమందిని ఒప్పందంలో ఉంచుకోవాలి. మొత్తం జట్టు 20 మందికి అటూ ఇటూ అయితే అందులో ఏడెనిమిది మంది పేస్ బౌలింగ్ చేయగలవాళ్లు కావాలి.

బ్యాటర్లు అలా కాదు. పద్దెనిమిదేళ్లకే సిద్ధమైనవాడు ఉంటాడు, ఇరవై మూడు దాకా ఆగాల్సినవాడూ ఉంటాడు. ఒకేసారి ముగ్గురు కొత్త బ్యాటర్లను మొదటి ఆరుగురిలో పెట్టకండి. ఇద్దరు చాలు. వాళ్లకు కనీసం ఆరు మ్యాచ్‌లు ఖాయమని ముందే చెప్పండి. రెండు ఇన్నింగ్స్ విఫలమైతే తీసేస్తారేమో అన్న టెన్షన్‌తో ఆడే కుర్రాడు అవుట్ కాకుండా ఉండటానికే ఆడతాడు, అలాగే అవుటవుతాడు.

స్పిన్నర్ల విషయంలో లెస్టర్‌షైర్ ధైర్యం చూడాలి. లెగ్ స్పిన్నర్ రెహాన్ అహ్మద్‌ను చిన్న వయసు నుంచే ముందుకు తోశారు. 2022 డిసెంబర్‌లో కరాచీలో టెస్ట్ ఆడినప్పుడు అతని వయసు 18 ఏళ్ల 126 రోజులు. ఇంగ్లండ్ పురుషుల టెస్ట్ జట్టుకు ఆడిన అతి చిన్నవాడు అతనే, రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి, వేరేవాళ్లు వదిలేసిన కుర్రాళ్లు. షోయబ్ బషీర్‌ను పదిహేడేళ్ల వయసులో సర్రే వదిలేసింది. సోమర్‌సెట్ చేరదీసింది. 2023లో ఫస్ట్ క్లాస్ మొదలుపెట్టిన ఆ కుర్రాడు 2024 ఫిబ్రవరి 2న మన విశాఖపట్నంలో టెస్ట్ ఆడాడు, మొదటి వికెట్‌గా రోహిత్ శర్మను తీసుకున్నాడు. అప్పటికి అతను ఆడినవి ఆరే ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు. సర్రే లాంటి చోట పదిమంది మంచి పిల్లల్లో ఇద్దరికే చోటు ఉంటుంది. మిగిలిన ఎనిమిది మందీ పనికిరానివాళ్లని అర్థం కాదు. పెద్ద కౌంటీల రెండో జట్ల మ్యాచ్‌లకు మీ మనిషి ఒకరు ప్రతి వారం వెళ్లి కూర్చోవాలి. చిన్న కౌంటీకి అంతకన్నా లాభసాటి జీతం ఇంకోటి లేదు.

రష్‌వర్త్ కథా అలాంటిదే. కుర్రవాడిగా ఉన్నప్పుడు అతన్ని డర్హమ్ వ్యవస్థ వదిలేసింది. క్లబ్ క్రికెట్ ఆడుకుంటూ ఉండిపోయి, 2010లో తిరిగొచ్చి, చివరికి ఆ కౌంటీ తరఫున ఫస్ట్ క్లాస్‌లో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసినవాడయ్యాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు పూర్తిగా ఎదిగే బౌలర్లు ఎప్పుడూ ఉంటారు. పదహారేళ్లకే మూసేసే తలుపులతో వాళ్లను పోగొట్టుకుంటాం.

మన వాళ్లకు నేరుగా సంబంధం ఉన్న సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఇంగ్లండ్‌లో వినోదానికి క్లబ్ క్రికెట్ ఆడేవాళ్లలో దాదాపు మూడో వంతు దక్షిణాసియా మూలాలవాళ్లు. కౌంటీ ఒప్పందాలున్న వాళ్లలో ఇరవై మందికి ఒకరే. ఈ తేడాను తగ్గించడానికే సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ పుట్టింది, మాజీ ఇంగ్లండ్ బౌలర్ కబీర్ అలీ దాని వెనక ఉన్నవాళ్లలో ఒకరు. అక్కడి నుంచి కౌంటీ ఒప్పందం సంపాదించిన మొదటివాడు కాషిఫ్ అలీ. 2022లో వూస్టర్‌షైర్ తీసుకుంది. 2024లో డర్హమ్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు కొట్టాడు. యార్క్‌షైర్ లెగ్ స్పిన్నర్ జాఫర్ చోహాన్ కూడా ఈ దారిలో వచ్చినవాడే. లండన్, లెస్టర్, బర్మింగ్‌హామ్ క్లబ్బుల్లో వారాంతం ఆడే తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ లెక్కలో ఉన్నవాళ్లే. వాళ్లను చూడటానికి ఎవరూ రాకపోతే అది కౌంటీకే నష్టం.

అయితే పద్దెనిమిదేళ్ల అకాడమీ పిల్లాడా, ఇరవై మూడేళ్ల క్లబ్ ఆటగాడా? ఒకే ఒక్క ఒప్పందం మిగిలితే, బ్యాటర్ లేదా స్పిన్నర్ అయితే పద్దెనిమిదేళ్లవాణ్ణి తీసుకుంటాను. పేసర్ అయితే కళ్లు మూసుకుని ఇరవై మూడేళ్లవాణ్ణి. అతని వెన్ను అప్పటికే కుదురుకుని ఉంటుంది.

పెంచినవాళ్లు వెళ్లిపోతే

చిన్న కౌంటీ గుండె పగిలేది ఇక్కడే. లెస్టర్‌షైర్ పెంచిన స్టువర్ట్ బ్రాడ్, జేమ్స్ టేలర్ ఇద్దరూ నాటింగ్‌హామ్‌షైర్‌కి వెళ్లారు. నార్తాంప్టన్‌షైర్ నుంచి డేవిడ్ విల్లీ యార్క్‌షైర్‌కి, బెన్ డకెట్ నాటింగ్‌హామ్‌షైర్‌కి. 2023 సీజన్ ముగిసేసరికి వూస్టర్‌షైర్ ఒకేసారి జోష్ టంగ్, డిలన్ పెన్నింగ్టన్, జాక్ హేన్స్‌లను నాటింగ్‌హామ్‌షైర్‌కే పోగొట్టుకుంది, ప్యాట్ బ్రౌన్ డెర్బీషైర్‌కి వెళ్లాడు. ఫుట్‌బాల్‌లో అయితే ఇంతమందిని అమ్మితే అకాడమీకి పదేళ్ల ఖర్చు వచ్చేది. కౌంటీ క్రికెట్‌లో అంతటి బదిలీ సొమ్ము ఉండదు. పన్నెండేళ్లు పెంచిన కుర్రాడు ఒప్పందం అయిపోగానే చెయ్యి ఊపి వెళ్లిపోతాడు.

దీనికి ఉన్న మందు ఒక్కటే, ఒప్పందాల తేదీలు. కుర్రాడి ఒప్పందం చివరి ఏడాదిలోకి అడుగుపెట్టనివ్వొద్దు. ఆ ఏడాదిలోనే వేరే కౌంటీలు అధికారికంగా వచ్చి మాట్లాడతాయి. ఇంకో ఏడాది ఉండగానే కూర్చోబెట్టి జీతం పెంచి పొడిగించాలి. ఇద్దరు ముఖ్యమైనవాళ్ల ఒప్పందాలు ఒకే శీతాకాలంలో ముగియకుండా చూసుకోవాలి. ఆపలేమని తెలిసినవాడు ఉంటే ముందే మాట్లాడి, అతని స్థానంలో రాబోయే కుర్రాడిని ఒక సీజన్ ముందు నుంచే ఆడించాలి. డబ్బులో పెద్ద కౌంటీతో పోటీ పడలేం. ఆట అవకాశంలో పడగలం. పెద్ద చోట నెలకో మ్యాచ్ దొరికేవాడికి మీ దగ్గర పద్నాలుగూ దొరుకుతాయి, ఇంగ్లండ్ సెలక్టర్లు చూసేది ఆడినవాణ్ణే.

విదేశీ ఆటగాడు: ఎంతకాలం, ఎందుకు?

ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఇద్దరు విదేశీయులను ఆడించవచ్చు. కోల్పాక్ దారి, అంటే యూరోపియన్ యూనియన్ ఒప్పందాల వల్ల కొందరు విదేశీయులను స్వదేశీయుల లెక్కలో ఆడించే వీలు, 2020 చివరితో మూసుకుపోయింది. అంతకు ముందు దక్షిణాఫ్రికా నుంచి చాలామందిని ఆ దారిన తెచ్చుకునేవాళ్లు, ఇప్పుడు ఆ రెండు చోట్లే ఉన్నాయి. చిన్న కౌంటీ చేసే పెద్ద వృథా ఏమిటంటే, ఈ రెండు చోట్లను సీజన్‌లో ఐదారుగురితో నింపడం. ఒకడు రెండు మ్యాచ్‌లకు వస్తాడు, చలికి అలవాటు పడేలోపే వెళ్లిపోతాడు. మన హనుమ విహారి 2021లో వార్విక్‌షైర్‌కు మూడు మ్యాచ్‌లే ఆడాడు, ఏప్రిల్ పిచ్‌ల మీద కుదురుకునే వ్యవధే దొరకలేదు. అది అతని ఆట గురించి తీర్పు కాదు, అంత తక్కువ కాలం ఎవరికైనా కష్టం. 2022 సెప్టెంబర్‌లో సిరాజ్ అదే కౌంటీకి వచ్చి మొదటి మ్యాచ్‌లోనే సోమర్‌సెట్ మీద ఐదు వికెట్లు తీశాడు. 2025 జూన్‌లో తిలక్ వర్మ హాంప్‌షైర్ తరఫున మొదటి ఇన్నింగ్స్‌లోనే సెంచరీ కొట్టాడు. ఇవి మనకు గర్వంగా ఉంటాయి. కానీ వీటి మీద బడ్జెట్ వేసుకోలేం.

సీజన్ అంతా ఉండేవాడి విలువ వేరు. 1991లో డెర్బీషైర్ మన అజారుద్దీన్‌ను తెచ్చుకుంది. ఆ ఏడాది అతను ఫస్ట్ క్లాస్‌లో 2,016 పరుగులు చేశాడు, డెర్బీషైర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానంలో నిలిచింది. లెస్టర్‌షైర్‌కి ఆస్ట్రేలియా బ్యాటర్ పీటర్ హ్యాండ్స్‌కోంబ్ 2023 నుంచి ఏటా తిరిగి వచ్చాడు. కుర్రాళ్లకు అతను అతిథిలా కాక ఇంటివాడిలా అయిపోయాడు. 2025లో అతని కెప్టెన్సీలోనే ఆ జట్టు రెండో డివిజన్ గెలిచి, 2003 తర్వాత తొలిసారి మొదటి డివిజన్‌కి వెళ్లింది.

బ్యాటరా, బౌలరా అంటే, కుర్ర జట్టుకు బౌలరే. ఎసెక్స్ 2017లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయిందంటే, సొంత బిడ్డలైన జేమీ పోర్టర్, డాన్ లారెన్స్, టామ్ వెస్ట్‌లీలకు తోడు దక్షిణాఫ్రికా ఆఫ్ స్పిన్నర్ సైమన్ హార్మర్ ఉన్నాడు. పోర్టర్ 75 వికెట్లు, హార్మర్ 72. మళ్లీ గెలిచిన 2019లో హార్మర్ 83. ఒక చివర రోజుకు ముప్పై ఓవర్లు వేసే స్పిన్నర్ ఉంటే కుర్ర పేసర్లు చిన్న స్పెల్స్‌తో బతుకుతారు, వాళ్ల వెన్నూ బతుకుతుంది. వికెట్లతో పాటు వాళ్ల ఆరోగ్యాన్నీ అతనే కాపాడతాడు. రెండో విదేశీయుడు బ్యాటర్ అయితే ఐపీఎల్ ఒప్పందం లేని ఎర్ర బంతి మనిషిని చూడండి. ఏప్రిల్, మే నెలల్లో దొరికేది వాళ్లే. ఛాంపియన్‌షిప్‌లో సగం దాకా నడిచిపోయేది కూడా అప్పుడే.

లోన్ గురించి ఎక్కువ చెప్పను. గాయాల వల్ల ఖాళీ ఏర్పడినప్పుడు రెండు మూడు వారాలకు పనికొస్తుంది. బషీర్ 2024లో లోన్ మీద వూస్టర్‌షైర్‌కు ఆడుతూ ఓవల్‌లో డాన్ లారెన్స్ చేతిలో ఒకే ఓవర్లో 38 పరుగులు ఇచ్చుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్ జట్టుకు తిరిగెళ్లిపోయాడు. ఆ అనుభవం అతనికి పనికొచ్చిందే గానీ, వూస్టర్‌షైర్ భవిష్యత్తుకు మిగిలిందేమీ లేదు. లోన్‌ను పరీక్షగా వాడుకుంటే మాత్రం మంచిదే. హాంప్‌షైర్ బ్యాటర్ టామ్ ఆల్సప్‌ను ససెక్స్ 2022లో ముందు లోన్ మీద తెచ్చి, నచ్చాక సొంతం చేసుకుంది.

టీ20నా, నాలుగు రోజులా?

చిన్న కౌంటీకి కప్పు కావాలంటే టీ20 దగ్గరి దారి అనే వాదనకు బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. లెస్టర్‌షైర్ 2004, 2006, 2011లలో మూడుసార్లు గెలిచింది. నార్తాంప్టన్‌షైర్ చిన్న జట్టుతో 2013, 2016లలో గెలిచింది, ఆ జట్టులో ఇతరులు వద్దనుకున్నవాళ్లు ఎంతోమంది. 2024లో డబ్బు ఇబ్బందుల్లో ఉన్న గ్లోస్టర్‌షైర్, డేవిడ్ పేన్, టేలర్ సోదరులు లాంటి తమవాళ్లతోనే ఫైనల్లో పొరుగునే ఉన్న సోమర్‌సెట్‌ను ఓడించి మొదటిసారి బ్లాస్ట్ (కౌంటీల టీ20 పోటీ) గెలిచింది. టికెట్ల డబ్బు వచ్చేదీ ఈ ఆటలోనే. అందుకే ఒకరిద్దరు టీ20 నిపుణులకు వేసవి నెలల వరకు మాత్రమే ఒప్పందం ఇవ్వడం తెలివైన ఖర్చు. కానీ కుర్రాళ్లను తయారు చేసేది నాలుగు రోజుల ఆటే. టీ20 కోసమే జట్టు కడితే మూడేళ్ల తర్వాత చేతిలో ఎవరూ ఉండరు.

ఆగస్టులో హండ్రెడ్ (ఇన్నింగ్స్‌కు వంద బంతుల లీగ్) జరిగేటప్పుడు కౌంటీల వన్డే కప్ నడుస్తుంది. పెద్ద కౌంటీల స్టార్లు హండ్రెడ్‌కు పోతారు, మీ జట్టు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. చిన్న కౌంటీకి ఇంత సమానమైన పోటీ ఇంకెక్కడా దొరకదు. 2023 ఫైనల్లో లెస్టర్‌షైర్ 19 పరుగులకే 4 వికెట్లు పోగొట్టుకుంది. కీపర్ హ్యారీ స్విండెల్స్ 117 నాటౌట్‌తో నిలబెట్టాడు. చివరి ఓవర్లో హాంప్‌షైర్‌కు 8 పరుగులు కావాలి, బంతి ఇచ్చింది 19 ఏళ్ల జోష్ హల్‌కి. రెండు పరుగుల తేడాతో కప్పు గెలిచారు. మరుసటి ఏడాది హల్ ఇంగ్లండ్‌కు టెస్ట్ ఆడాడు. మీ ఒక్క కుర్రాడిని కూడా ఆ ఆగస్టులో బెంచ్ మీద కూర్చోబెట్టకండి.

వంద పౌండ్లుంటే

జీతాలకు వంద పౌండ్లు ఉన్నాయనుకుంటే నేను ఇలా పంచుతాను. ముప్పై ఐదు ఆ ముగ్గురు పెద్దవాళ్లకు. ఇరవై ఐదు, 22 నుంచి 26 ఏళ్ల మధ్య ఉన్న ఐదారుగురు గట్టి కుర్రాళ్లకు, వాళ్లు వెళ్లిపోకుండా. ఇరవై విదేశీ బౌలర్‌కు, సీజన్ మొత్తానికి. పన్నెండు అకాడమీ నుంచి, క్లబ్బుల నుంచి వచ్చే కొత్తవాళ్లకు. మిగిలిన ఎనిమిదితో టీ20 నిపుణుణ్ణి, ఒకటి రెండు లోన్‌లను చూసుకోవాలి. ఇది నా అంచనా మాత్రమే. మీ దగ్గర ఇప్పటికే మంచి కీపర్ పెరుగుతుంటే ఆ డబ్బు పేసర్‌కు మళ్లించండి.

హండ్రెడ్ జట్లలో వాటాల అమ్మకంతో 2025లో కౌంటీలకు ఎన్నడూ లేనంత సొమ్ము దారిలోకి వచ్చింది. హైదరాబాద్ సన్‌రైజర్స్ యజమానులైన సన్ గ్రూపే లీడ్స్ జట్టును పూర్తిగా కొనేసింది. ఆ డబ్బును జీతాల్లో కలపాలని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. అది ఒక్కసారి వచ్చేది, జీతం ఏటా ఇవ్వాల్సింది. 2016లో అప్పుల్లో కూరుకున్న డర్హమ్‌ను బోర్డు 38 లక్షల పౌండ్లతో ఆదుకుని, బదులుగా రెండో డివిజన్‌కు దించేసింది, మరుసటి ఏడాదికి 48 పాయింట్లు కోసింది. స్టోన్‌మన్, బోర్త్‌విక్ సర్రేకి వెళ్లిపోయారు, ఏడాది తిరిగేసరికి జెన్నింగ్స్, ఆనియన్స్ లాంకషైర్‌కి. ఆ జట్టు మళ్లీ పైకి రావడానికి 2023 దాకా పట్టింది. వచ్చిన సొమ్ము అప్పు తీర్చడానికి, ఇండోర్ నెట్స్‌కి, ఫిజియోలకు, అమ్మాయిల జట్లకు, రెండో జట్టు మ్యాచ్‌లకు వెళ్లి కూర్చునే ఆ ఒక్క మనిషికి పోవాలి.

ఇంత చేశాక కూడా కమిటీ ఇంకా తగ్గించమంటే, రెండో విదేశీయుడి ఆలోచన ఏమైనా ఉంటే మొదట దాన్ని వదులుకోండి. తర్వాత టీ20 నిపుణుణ్ణి. ఆ తర్వాత ముగ్గురు పెద్దవాళ్లలో బ్యాటర్‌ను. విదేశీ బౌలర్‌ను కూడా వదులుకోవాల్సిన రోజు రావచ్చు, 2013 డర్హమ్ లాగా సొంత బౌలర్లతోనే నెట్టుకురావచ్చు. పెద్ద కీపర్‌ను, ఇరవై నాలుగేళ్ల పేసర్ ఒప్పందం పొడిగింపును మాత్రం ఎవరు అడిగినా వదలకండి.